కాటా కేబుల్ ఊడితే సర్వీసు ఆగాలి, పెడితే లేవాలి

పలాసలో మా మావయ్య వాళ్ళకి చిన్న జీడిపప్పు యూనిట్ ఉంది. ప్యాకింగ్ గదిలో ఓ పాత డెస్క్‌టాప్, అందులో డెబియన్ లైనక్స్, పక్కన ఎలక్ట్రానిక్ కాటా. కాటా వెనకనుంచి సీరియల్ కేబుల్ ఒకటి చిన్న యూఎస్‌బీ కన్వర్టర్‌లోకి వచ్చి అక్కణ్ణుంచి కంప్యూటర్‌కి వెళ్తుంది. టిన్ను కాటా మీద పెట్టగానే బరువు కంప్యూటర్ చదువుకుని, గ్రేడు 240 ఆ 320 ఆ అని అడిగి, స్టిక్కర్ కొట్టి ఇస్తుంది. ఇంతే పని. కానీ ఈ ఇంతే పని వారానికోసారి ఆగిపోయేది, ఆగినప్పుడల్లా నాకు ఫోను. "ఏటల్లుడూ, పొద్దుట్నుంచి కాటా అంకెలు కంప్యూటర్లోకి ఎక్కట్లేదు, టిన్నులన్నీ అలగే ఉండిపోయాయి, ఓపాలి సూడు" అని.

అంతకుముందు ఎవరో పెట్టిన సెటప్ ఎలా ఉండేదంటే, మెషీన్ లేవగానే ఒక స్క్రిప్టు నడుస్తుంది, అది 30 సెకన్లు నిద్రపోతుంది, ఈలోగా కాటా దొరికేసి ఉంటుందిలే అని టీటీవై యూఎస్‌బీ సున్నాని (కన్వర్టర్‌కి లైనక్స్ ఇచ్చే ఫైలు పేరు) తెరుస్తుంది, ఇక దాన్ని పట్టుకుని కూర్చుంటుంది. ఆ రోజు పొద్దున అన్నీ సరిగ్గా ఉంటే సాయంత్రం దాకా బాగానే నడుస్తుంది. మధ్యలో ఊడ్చే ఆవిడ చీపురు తగిలి కేబుల్ కదిలినా, కరెంటు పోయి వచ్చి కన్వర్టర్ ఆలస్యంగా దొరికినా, అయిపోయింది. అక్కడున్నవాళ్ళకి తెలిసిన ఒకే మందు మొత్తం కంప్యూటర్ ఆపి మళ్ళీ ఆన్ చేయడం.

ఇందులో నన్ను బాగా పట్టుకున్న విషయం ఏటంటే ఈ స్క్రిప్టులో ఉన్న ఊహే తప్పు. మెషీన్ లేచేటప్పుడు హార్డ్‌వేర్ అంతా ఒకచోట సిద్ధంగా ఉంటుంది, ఒకసారి చూసుకుంటే చాలు అన్న ఊహ. పాతకాలం యూనిక్స్ మెషీన్లకి అది నిజమేమో, డిస్కు, టెర్మినల్, ప్రింటరు అన్నీ బిగించేసి ఉండేవి కాబట్టి. యూఎస్‌బీ వచ్చాక డివైస్ ఎప్పుడైనా వస్తుంది ఎప్పుడైనా పోతుంది, లైనక్స్ కూడా ఆ నిజాన్ని ఒప్పుకోవడానికి చాలా ఏళ్ళు పట్టింది. మొదట్లో డెవ్ ఫోల్డర్‌లో ఉన్నవీ లేనివీ అన్నిటికీ ముందే ఫైళ్ళు చేసి పెట్టేసేవారు, తర్వాత ఆ ఫైళ్ళని లైనక్సే చేసే డెవ్‌ఎఫ్‌ఎస్ వచ్చింది, 2003లో గ్రెగ్ క్రోహ్-హార్ట్‌మన్ యూడెవ్ (వచ్చిన డివైస్‌కి పేరూ ఫైలూ పెట్టే ప్రోగ్రాం) తెచ్చాక నిజంగా ఉన్న డివైస్‌కే ఫైలు ఉండటం అలవాటైంది. అయినా సర్వీసులు, అంటే వెనకాల నడిచే ప్రోగ్రాములు, మొదలుపెట్టే ఇనిట్ స్క్రిప్టులు మాత్రం ఇదేదీ పట్టనట్టు ఒకటి తర్వాత ఒకటి వరసగా నడుస్తూనే ఉండేవి. 2010లో లెన్నార్ట్ పోటరింగ్, కే సీవర్స్ సిస్టమ్‌డి (మెషీన్ లేవగానే మొదట నడిచి సర్వీసులన్నిటినీ చూసుకునే ప్రోగ్రాం) మొదలుపెట్టారు, 2012లో యూడెవ్ కోడ్‌ని కూడా అందులోనే కలిపేశారు, అప్పుడు చాలామందికి కోపం వచ్చింది, ఇప్పటికీ ఉంది. మిగతా విషయాల్లో ఎవరి అభిప్రాయం వారిది గానీ డివైస్‌ల విషయంలో మాత్రం ఆ కలపడం సరైన పనే అని నేను గట్టిగా నమ్ముతాను, ఎందుకో చెప్తాను.

కన్వర్టర్‌ని పోర్టులో గుచ్చగానే ఏం జరుగుతుందో చూడాలంటే టెర్మినల్‌లో యూడెవ్‌అడ్మ్ మానిటర్ అని కొట్టి కేబుల్ పీకి పెట్టి చూడండి, నాకు ఇది చూడటం ఇప్పటికీ ఇష్టం. ప్రతి సంఘటనకీ రెండు లైన్లు పడతాయి. మొదటి లైను మొదట్లో కెర్నెల్ అని ఉంటుంది, రెండోదాని మొదట్లో యూడెవ్ అని ఉంటుంది. అంటే ముందు కెర్నెల్ (లైనక్స్‌లో హార్డ్‌వేర్‌తో నేరుగా మాట్లాడే భాగం) "ఇదిగో కొత్తది వచ్చింది" అని నెట్‌లింక్ సాకెట్ (కెర్నెల్ ప్రోగ్రాములతో మాట్లాడే దారి) మీద కేక వేస్తుంది, ఆ కేక విన్న యూడెవ్ తన రూల్స్ ఫైళ్ళన్నీ తిరగేసి, ఇది ఏ కంపెనీది, ఏ మోడల్, దీనికి ఏ పర్మిషన్లు ఇవ్వాలి, ఏ మారుపేరు పెట్టాలి అని తేల్చి, అంతా అయ్యాక రెండో కేక వేస్తుంది. ఈ రెండు లైన్ల మధ్య టైమ్ తేడా చాలా చిన్నది, కానీ అన్నీ అందులోనే ఉన్నాయి. ప్రాసెస్ నంబర్ ఒకటిగా కూర్చున్న సిస్టమ్‌డి మొదటి కేకని పట్టించుకోదు, రెండోదే వింటుంది. పేరు, పర్మిషన్లు ఖరారు కాకముందే సర్వీసు పరిగెత్తుకెళ్ళి తలుపు తట్టే గొడవ అందుకే ఉండదు.

రెండో కేక విన్నాక కూడా సిస్టమ్‌డి ప్రతిదాన్నీ లెక్కలోకి తీసుకోదు. యూడెవ్ రూల్‌లో సిస్టమ్‌డి అన్న ట్యాగ్ తగిలించినవాటికే అది ఒక డివైస్ యూనిట్ (యూనిట్ అంటే సిస్టమ్‌డి చూసుకునే ఒక్కో వస్తువు) తయారుచేస్తుంది. డిస్కులూ పార్టిషన్లూ, నెట్‌వర్క్ కార్డులూ, మన టీటీవై యూఎస్‌బీ లాంటి సీరియల్ పోర్టులూ, వీటన్నిటికీ ట్యాగ్ ముందే వేసి వస్తుంది, మనం ఏమీ చేయక్కర్లేదు. పేరు కూడా దారిని బట్టే, స్లాష్ ఉన్నచోట హైఫన్ పెడుతుంది, కాబట్టి డెవ్ ఫోల్డర్‌లో ఉన్న కాటా అన్న ఫైలుకి డెవ్-కాటా.డివైస్ అన్న యూనిట్ వస్తుంది.

డివైస్ యూనిట్ మిగతా యూనిట్ల లాంటిది కాదు. సర్వీసుని స్టార్ట్ చెయ్యొచ్చు, స్టాప్ చెయ్యొచ్చు. డివైస్‌ని సిస్టమ్‌డి స్టార్ట్ చేయలేదు, దాని చేతిలో లేదు, వైరు గుచ్చాల్సింది మనిషి. మరి ఏదైనా సర్వీసు "నాకు ఆ డివైస్ కావాలి" అంటే ఏం చేస్తుంది? స్టార్ట్ జాబ్ ఒకటి వేసి ఊరికే ఎదురుచూస్తుంది. పలాస స్టేషన్లో ప్లాట్‌ఫారం మీద నిలబడ్డోళ్ళు రైలుని రప్పించలేరు కదా, వచ్చినప్పుడు ఎక్కుతారు, మరీ రాకపోతే ఇంటికి పోతారు, అదే పద్ధతి. ఆ ఇంటికి పోయే టైము మామూలుగా 90 సెకన్లు. బూట్ అయ్యేటప్పుడు స్క్రీన్ మీద ఎర్ర చుక్కలు అటూ ఇటూ తిరుగుతూ స్టార్ట్ జాబ్ ఈజ్ రన్నింగ్ అని ఒకటిన్నర నిమిషం లెక్క చూపించడం చాలామంది చూసే ఉంటారు, అక్కడ నిజానికి ఏ పనీ జరగట్లేదు, రాని డివైస్ కోసం చూస్తోంది.

స్టేటస్ అడిగితే యాక్టివ్ అని, బ్రాకెట్లో ప్లగ్డ్ అని కనిపిస్తుంది, లేకపోతే డెడ్. మధ్యలో టెంటటివ్ అని ఇంకోటి ఉంది, యూడెవ్ ఇంకా చెప్పలేదు గానీ మౌంట్ టేబుల్‌లో (తగిలించి వాడుతున్న డిస్కుల పట్టిక) మాత్రం ఆ డివైస్ వాడకంలో ఉన్నట్టు కనిపిస్తే అలా పెట్టుకుంటుంది. ఇంకో మంచి ఏర్పాటు సిస్టమ్‌డి రెడీ అన్న ప్రాపర్టీ. యూడెవ్ దాన్ని సున్నా చేస్తే, ఫైలు కళ్ళముందు ఉన్నా సరే, ఇంకా రాలేదనే లెక్క. లూప్ డివైస్ (ఫైలుని డిస్కులా చూపించేది) ఉంటుంది కదా, దాని వెనక ఫైలేదీ తగిలించకముందు అది ఉత్త డొల్ల, దాన్ని వచ్చినట్టు లెక్కేస్తే దానిమీద ఆధారపడ్డవన్నీ బోర్లా పడతాయి, అందుకే ఇది. ఉండటం వేరు, వాడటానికి సిద్ధంగా ఉండటం వేరు అన్న సంగతి కోడ్‌లోనే రాసిపెట్టారు, నాకు ఇది చాలా నచ్చుతుంది.

సరే కాటా దగ్గరకి వద్దాం. కంప్యూటర్ లెక్కలో కాటా అంటే ఆ కన్వర్టరే. ముందు దానికి నిలకడైన పేరు కావాలి. టీటీవై యూఎస్‌బీ సున్నా అన్న పేరు మీద ఎప్పుడూ ఆధారపడకూడదు, అది ఎవరు ముందొస్తే వాళ్ళది. ఇంకా ముఖ్యమైనది ఏటంటే, కేబుల్ ఊడినప్పుడు పాత ప్రోగ్రాం ఆ సున్నాని పట్టుకునే ఉంటే, మళ్ళీ పెట్టినప్పుడు కెర్నెల్ సున్నా ఖాళీ లేదని ఒకటో నంబర్ ఇస్తుంది. ప్రోగ్రాం మాత్రం పోయిన సున్నా దగ్గరే కూర్చుని ఉంటుంది, కొత్త ఒకటిని అడిగేవాడు లేడు. మా మావయ్య వాళ్ళ దగ్గర జరుగుతున్నది సరిగ్గా ఇదే, కంప్యూటర్ ఆపి ఆన్ చేస్తే బాగవడానికి కారణం కూడా ఇదే.

అందుకని యూడెవ్ రూల్ ఒకటి రాశాను, సబ్‌సిస్టమ్ టీటీవై, కంపెనీ నంబర్ 1ఏ86, ప్రోడక్ట్ నంబర్ 7523 అయితే సిమ్‌లింక్ (మారుపేరు) కాటా అని. ఆ నంబర్లు సీహెచ్340 చిప్‌వి, చవక కన్వర్టర్లలో ఎక్కువగా దొరికేది అదే. సిమ్‌లింక్ పడగానే దానికీ ఒక డివైస్ యూనిట్ దానంతట అదే వస్తుంది.

తర్వాత సర్వీసు ఫైలు. అందులో మూడు లైన్లే అసలు ప్రాణం. బైండ్స్‌టు డెవ్-కాటా.డివైస్, ఆఫ్టర్ డెవ్-కాటా.డివైస్, కింద ఇన్‌స్టాల్ భాగంలో వాంటెడ్‌బై డెవ్-కాటా.డివైస్. మొదటిది ఏం చెప్తోందంటే, కాటా పోతే ఈ సర్వీసు కూడా ఆగాలి. రిక్వైర్స్ పెడితే చాలదా అని అడుగుతారు, చాలదు, డివైస్ దానంతట అది మాయమైపోయినప్పుడు కూడా సర్వీసుని ఆపేది బైండ్స్‌టు, ఆఫ్టర్‌తో కలిస్తే ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. సర్వీసు ఆగింది కాబట్టి పాత సున్నా నంబర్ వదిలేస్తుంది, మళ్ళీ పెట్టినప్పుడు నంబర్ల గొడవే రాదు, ఒకవేళ వచ్చినా కాటా అన్న పేరు ఎటూ సరైన చోటికే చూపిస్తుంది. ఇక వాంటెడ్‌బై, అందరూ అలవాటుగా మల్టీ-యూజర్ టార్గెట్ (మామూలు బూట్ పూర్తయ్యే దశ) అని రాస్తారు, దానికి బదులు డివైస్ పేరే రాయొచ్చని చాలామందికి తెలీదు. అలా రాసి ఎనేబుల్ చేస్తే కాటా వచ్చిన క్షణాన సర్వీసు లేస్తుంది. బూట్ టైమ్‌లో వచ్చినా, మధ్యాహ్నం భోజనాలయ్యాక వచ్చినా, దానికి తేడా లేదు. మల్టీ-యూజర్ అని రాసి ఉంటే కన్వర్టర్ తగిలించని రోజున బూట్ దగ్గరే 90 సెకన్లు చూసి చూసి ఫెయిల్ అని చేతులెత్తేస్తుంది.

రీస్టార్ట్ ఆల్వేస్ అన్న లైను గురించి ఒక మాట. ప్రోగ్రాం దానంతట అది చచ్చిపోతే లేపడానికి అది మంచిదే, కానీ డివైస్ పోయిందని సిస్టమ్‌డి తనే ఆపినప్పుడు అది పనిచేయదు, పనిచేయకూడదు కూడా. తిరిగి లేపే పని డివైస్ రాకది.

ఇక్కడిదాకా పుస్తకంలో ఉన్నట్టే జరుగుతుంది, ఫ్యాక్టరీలో మాత్రం ఇంకోటి తగిలింది. పక్క గదిలో మోటారు స్టార్ట్ అయినప్పుడల్లా కెర్నెల్ లాగ్‌లో ఒక లైను పడుతోంది, పోర్టుని హబ్ డిజేబుల్ చేసింది, బహుశా ఈఎంఐ, మళ్ళీ ఎనేబుల్ చేస్తున్నాను అని. ఈఎంఐ అంటే ఇక్కడ మోటార్ల లాంటివాటి వల్ల వచ్చే విద్యుదయస్కాంత గోల, ఆ లైన్లో కెర్నెల్ రాసినవాళ్ళు దాని పక్కన ప్రశ్న గుర్తు కూడా పెట్టారు. దానివల్ల కన్వర్టర్ టకటకా పోయి వచ్చి పోయి వచ్చి అవుతుంది, ప్రతిసారీ సర్వీసు ఆగి లేస్తుంది. సిస్టమ్‌డికి మామూలుగా ఒక హద్దు ఉంది, 10 సెకన్లలో 5 సార్లు మించి లేస్తే ఇది బాగుపడేది కాదని పక్కన పడేస్తుంది, ఆ తర్వాత కాటా నిక్షేపంగా ఉన్నా సర్వీసు లేవదు. స్టార్ట్‌లిమిట్ ఇంటర్వల్‌సెక్ సున్నా అని యూనిట్ భాగంలో రాస్తే ఆ హద్దు పోతుంది. మోటారు గోలకి అసలు మందు మంచి షీల్డ్ ఉన్న పొట్టి కేబుల్, సరైన ఎర్తింగ్, అవి కూడా చేయించాం, కానీ సాఫ్ట్‌వేర్ ఆ గోలని తట్టుకుని నిలబడాలి, ఎందుకంటే రేపు ఇంకో మోటారు వస్తుంది.

డివైస్ వచ్చినప్పుడు ప్రోగ్రాం నడపడానికి ఇంటర్నెట్‌లో ఎక్కువగా దొరికే సలహా యూడెవ్ రూల్‌లో రన్ అని పెట్టి స్క్రిప్టు దారి ఇచ్చేయమని. దయచేసి అలా చేయొద్దు. యూడెవ్ ఆ రన్‌ని చిటికెలో అయిపోయే పనులకే ఉద్దేశించింది, దాన్లోంచి పుట్టిన ప్రాసెస్‌ని ఆ ఈవెంట్ పని అయిపోగానే చంపేస్తుంది, బ్యాక్‌గ్రౌండ్‌లోకి నెట్టినా వదలదు. పైగా యూడెవ్ సర్వీసు తన సొంత గిరి గీసుకుని అందులో నడుస్తుంది, అందులోంచి ఏదైనా మౌంట్ చేస్తే బయటవాళ్ళకి కనపడదు, నెట్‌వర్క్ కూడా అందదు. "నా స్క్రిప్టు టెర్మినల్‌లో నడుస్తోంది, యూడెవ్‌లోంచి నడవట్లేదు" అని తలబద్దలు కొట్టుకునేవాళ్ళందరి బాధా ఇదే. రూల్‌లోంచే లేపాలనుకుంటే సిస్టమ్‌డి వాంట్స్ అన్న ప్రాపర్టీలో సర్వీసు పేరు రాస్తే చాలు, యూడెవ్ తన పని తను చేసుకుంటుంది, నడిపే పని సిస్టమ్‌డి చూసుకుంటుంది, లాగులు జర్నల్‌లో పడతాయి, ఆపాలంటే ఆపొచ్చు. సిస్టమ్‌డి కూడా తనవాటికి ఇదే వాడుతుంది, ప్రింటరు తగిలిస్తే ప్రింటర్ టార్గెట్, బ్లూటూత్ వస్తే బ్లూటూత్ టార్గెట్, సౌండ్ కార్డుకి సౌండ్ టార్గెట్, ఆ టార్గెట్‌కి మన సర్వీసుని కట్టేసుకోవచ్చు.

ఈ సీహెచ్340తో ఇంకో సంగతి, ఇది ఉబుంటు 22.04 వేసుకున్నవాళ్ళకి ఎక్కువ తగిలింది. కన్వర్టర్ పెడతారు, లాగ్‌లో టీటీవై యూఎస్‌బీ సున్నా వచ్చింది అని పడుతుంది, వెంటనే డిస్‌కనెక్ట్ అయిందని పడుతుంది. కేబుల్ పోయిందనుకుని కొత్తది కొంటారు, అదీ అంతే. జరిగేది ఏటంటే, చూపు లేనివాళ్ళు వాడే బ్రెయిల్ డిస్‌ప్లేల కోసం బీఆర్ఎల్‌టీటీవై అనే ప్రోగ్రాం ఉంది, ఒక బ్రెయిల్ పరికరంలో కూడా ఇదే చిప్, ఇవే నంబర్లు ఉన్నాయి, అందుకని దాని యూడెవ్ రూల్ మన కన్వర్టర్‌ని చూసి బ్రెయిల్ డిస్‌ప్లే వచ్చిందనుకుని సర్వీసుని లేపుతుంది, అది పోర్టుని తీసేసుకుంటుంది. ఆ ప్రోగ్రాం మీద చాలామంది విసుక్కుంటారు గానీ నాకు ఆ రూల్ అక్కడ ఎందుకుందో అర్థమవుతుంది. చూపు లేని మనిషి కొత్త మెషీన్ ముందు కూర్చుని డిస్‌ప్లే గుచ్చగానే అది పనిచేయాలి, అతను స్క్రీన్ చూసి సెట్టింగులు మార్చుకోలేడు కదా. మన మెషీన్‌లో ఆ అవసరం లేకపోతే ఆ ప్యాకేజీ తీసేయండి, లేదా ఆ ఒక్క రూల్‌ని మాస్క్ చేయండి (పనిచేయకుండా మూసేయండి), చాలు.

బ్యాకప్ డిస్కు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే దానివల్ల మెషీన్ లేవడమే మానేస్తుంది. సాయంత్రం లెక్కలు ఎక్కించుకోవడానికి యూఎస్‌బీ హార్డ్‌డిస్కు ఒకటి ఉంది, దాన్ని ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైల్లో (బూట్‌లో తగిలించాల్సిన డిస్కుల జాబితా) రాసి పెట్టారు. మావయ్య ఆ డిస్కుని రాత్రి ఇంటికి పట్టుకుపోతాడు, అది మంచి అలవాటే. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను ఇక్కడే తీరం దాటింది, ఉద్దానంలో జీడి తోటలూ కొబ్బరి తోటలూ నేలమట్టమైపోయాయి, అది చూసినోళ్ళెవరూ లెక్కల కాపీ ఒకేచోట ఉంచరు. కానీ డిస్కు లేకుండా మెషీన్ ఆన్ చేస్తే 90 సెకన్లు చూసి, ఎమర్జెన్సీ మోడ్ అని నల్ల స్క్రీన్ మీద రూట్ పాస్‌వర్డ్ అడుగుతుంది. ప్యాకింగ్ దగ్గర పనిచేసే గుంటలకి ఆ స్క్రీన్ చూస్తే కంప్యూటర్ చచ్చిపోయినట్టే. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో ఉన్న ప్రతి డిస్కూ తప్పనిసరి అని సిస్టమ్‌డి లెక్క, తప్పనిసరి కాదని మనం చెప్పాలి, నోఫెయిల్ అన్న ఒక్క మాటతో. అప్పుడు దాని కోసం బూట్ ఆగదు. ఎక్స్-సిస్టమ్‌డి.డివైస్-టైమౌట్ అని పెట్టి 90ని 5 సెకన్లకి దించుకోవచ్చు, ఎక్స్-సిస్టమ్‌డి.ఆటోమౌంట్ అని పెడితే ఎవరైనా ఆ ఫోల్డర్ తెరిచినప్పుడే మౌంట్ అవుతుంది, మేం అదే పెట్టాం.

మామూలుగా ఇంకొకటి అడుగుతారు, అన్ని డివైస్‌లూ వచ్చేదాకా ఆగి అప్పుడు సర్వీసులన్నీ మొదలుపెడితే పోలేదా అని. అలాంటిదీ ఒకటి ఉంది, సిస్టమ్‌డి-యూడెవ్-సెటిల్ అని, దాన్ని వాడొద్దని దాని మాన్యువల్ పేజీలోనే రాసి ఉంది. అన్నీ వచ్చాయి అనడానికి ఒక క్షణం లేదు కాబట్టి. యూఎస్‌బీ హబ్ వెనక ఇంకో హబ్ ఎప్పుడు మేలుకుంటుందో ఎవరు చెప్పగలరు? అన్నిటి కోసం ఆగే బదులు ఎవరికి ఏది కావాలో వాళ్ళు దానికోసమే ఆగడం, అంతే. వేరే చోట కూడా ఇదే దారి పట్టారు, విండోస్ 7 నుంచి డివైస్ వచ్చినప్పుడే సర్వీసు లేచేలా ట్రిగ్గర్లు పెట్టుకోవచ్చు, మాక్‌లో సర్వీసులు చూసుకునే లాంచ్‌డి కూడా డివైస్ తగిలినప్పుడు పని మొదలుపెట్టగలదు.

ఇప్పుడు మావయ్య రెండో కాటా కొన్నాడు, గుండు పప్పుకి వేరు, బద్దకి వేరు అని. దానికీ అదే సీహెచ్340 కన్వర్టర్. ఈ చిప్‌లో చాలావాటికి సీరియల్ నంబర్ ఉండదు, కాబట్టి కంపెనీ నంబర్, ప్రోడక్ట్ నంబర్ చూసి ఏది ఏ కాటానో యూడెవ్ చెప్పలేదు, రెండూ కాటా అన్న పేరు కోసం కొట్టుకుంటాయి. మిగిలిన గుర్తు ఒక్కటే, ఏ పోర్టులో గుచ్చారన్నది. యూడెవ్‌అడ్మ్ ఇన్ఫోలో ఆ పోర్టు దారి కనిపిస్తుంది, రూల్‌లో ప్రోడక్ట్ నంబర్ బదులు ఆ దారి రాసి ఒకదానికి కాటా-గుండు, ఇంకోదానికి కాటా-బద్ద అని సిమ్‌లింక్ పెట్టాను. సర్వీసు ఫైళ్ళు రెండు రాయక్కర్లేదు, కాటా@.సర్వీస్ అని టెంప్లేట్ ఒకటి చేసి @ తర్వాత గుండు, బద్ద అని పేరిస్తే అదే ఫైలు రెండింటికీ నడుస్తుంది. పేరులో హైఫన్ ఉంటే మాత్రం యూనిట్ పేరులో అది బ్యాక్‌స్లాష్ ఎక్స్2డి అని మారిపోతుంది, హైఫన్‌ని స్లాష్‌కి వాడేశారు కాబట్టి, సిస్టమ్‌డి-ఎస్కేప్ కమాండ్‌కి ఇస్తే సరైన పేరు అదే ఇస్తుంది, చేత్తో రాసి వెతుక్కోవద్దు. పోర్టుల పక్కన సీపీయూ డబ్బా మీద పెయింటుతో గుండు, బద్ద అని రాయించాం, కొత్తగా పనిలో చేరినవాళ్ళకి కూడా ఏ కేబుల్ ఎందులో పెట్టాలో తెలుస్తుంది.